నా గల్లాపెట్టెలో పడని నాణెం

వాల్పరైసో కొండ మీదికి
ఉక్కుతాళ్ళతో లాగే పెట్టెబండి మాది.
కింది గుమ్మంలో కూచుని
నాణెం పుచ్చుకుని గేటు తిప్పుతాను.
పక్కనే మెట్లు. రెండువందల పద్నాలుగు.
వాటికి టికెట్టు లేదు.

మార్చిలో వచ్చాడు డోన్ ఫెర్మీన్.
ముప్పయ్యేళ్ళు రేవులో క్రేను నడిపినవాడు.
ఆకాశంలో కూచుని సంపాదించిన పొట్ట.
పాలీక్లినిక్ నర్సు చక్కెర అంకె చూపించి
గుడ్లురిమిందట.
కొత్త బూట్లు, ఆకుపచ్చ లేసులు,
మెడలో తువ్వాలు,
అడుగులు లెక్కపెట్టే చేతిగడియారం.
"ఎడెల్మీరా, ఇక నీ బండెక్కను" అన్నాడు
యుద్ధం ప్రకటిస్తున్నట్టు.
కొత్త బిచ్చగాడు పొద్దెరగడు, అనుకున్నాను.
మొదటి వారం రోజుకి మూడుసార్లు ఎక్కాడు.
పైన యంత్రం చూసుకునే బెలిసారియోతో
పందెం కాశాను,
ఈస్టరు దాటడని.

ఈస్టరు దాటింది.
నా డబ్బుతో బెలిసారియో వేపుడు చేప తిన్నాడు.

అది సరే. నేను చెప్పాలనుకున్నది
జూన్ సంగతి.

జూన్‌లో ఉత్తరపు గాలి వాన మోసుకొస్తుంది.
మెట్ల మీంచి నీళ్ళు దిగుతుంటే
మనుషులెవరూ ఎక్కరు.
అప్పటికి తువ్వాలు పోయింది.
గడియారం చార్జింగు అయిపోయి
సొరుగులో పడుందట.
అంకె తగ్గలేదట, పైపెచ్చు కాస్త పెరిగిందట.
ఆ యుద్ధం ముఖంలో లేదు.
సోమవారం పొద్దున పనికి పోయేవాడి ముఖం.
అయినా ఎనిమిదింటికి వచ్చేవాడు.
మొదటి మెట్టు దగ్గర నిలబడి
బూట్లకేసి చూసేవాడు,
అప్పిచ్చినవాడు ఎదురుపడినట్టు.

ఒకరోజు నలభయ్యో మెట్టు మీద కూలబడ్డాడు.
వీధికుక్క ఒకటి పక్కన చేరింది.
ఇద్దరూ కాసేపు సముద్రాన్ని చూశారు.
తర్వాత దిగి వెళ్ళిపోయాడు.
"రేపు రాడు" అన్నాను ఫోనులో.
ఈసారి బెలిసారియో పందేనికి రాలేదు.

మర్నాడు వచ్చాడు. నలభై ఎక్కాడు. దిగాడు.
ఆ మర్నాడూ నలభై.
ఉండబట్టలేక అడిగాను:
"ఆ కాసిన్ని మెట్లకి బూట్లు తడుపుకోవడం దేనికి?"
"హుషారు పోయింది ఎడెల్మీరా.
దానికోసం ఎదురుచూడ్డం మానేశాను.
రేవులో ఉన్నప్పుడు
ఇవాళ నీకు ఇష్టమేనా అని
ఎవరైనా అడిగారా?
ఓడ వచ్చేది. ఎక్కేవాణ్ణి."
ఇంకేదో అనబోయి దగ్గాడు.

ఆగస్టులో మోకాలు వాచింది.
కుంటుతూ నా కిటికీ ముందుకొచ్చి
నాణెం పెట్టాడు.
ఇన్ని నెలలు చేజారిన బేరం,
తీరా దక్కితే
పుచ్చుకోవడానికి చెయ్యి రాలేదు.
పెట్టెలో కూచుని పైదాకా
మెట్లకేసే చూస్తూ పోయాడు.
పావుగంటకి కమ్మీ పట్టుకుని, పీతలా పక్కవాటుగా
ఒక్కో మెట్టూ దిగొచ్చాడు.
"దిగడమూ లెక్కేనా?" అన్నాను.
"నర్సుని అడగాలి."

అడిగాడు. చీవాట్లు తిన్నాడు.
పదిరోజులు మెట్ల ఛాయలకి పోవద్దందట.
ఆ పదిరోజులూ ఎనిమిదింటికి వచ్చాడు.
లేసులు బిగించి
మొదటి మెట్టు మీద కూచున్నాడు.
కుక్కకి సగం రొట్టె పెట్టి
లేసులు వదులు చేసుకుని
వెళ్ళిపోయాడు.
పిచ్చోడనుకున్నారు బండెక్కేవాళ్ళు.
నేనూ అనుకున్నాను, నాలుగో రోజు దాకా.

ఇప్పుడు సెప్టెంబరు.
తీగల్లో గాలిపటాలు చిక్కుకున్నాయి.
ఆ ఆకుపచ్చ లేసులు బూడిదరంగయ్యాయి.
అంకె ఎంతో నేనడగలేదు, అతను చెప్పలేదు.
నిన్న నూట ముప్పైరెండు దాకా లెక్కపెట్టాను.
అక్కడ మెట్లు గోడ వెనక్కి తిరుగుతాయి.
ఆ పైన ఎక్కాడో, కూచున్నాడో
నాకు కనబడదు.

ఇరవయ్యేళ్ళుగా ఊరందర్నీ పైకెక్కిస్తున్నాను.
రాత్రి గేటుకి తాళం వేశాక
చెప్పులతోనే
పదకొండు ఎక్కాను.
బెలిసారియోకి చెప్పలేదు.
పందెం కాస్తాడు.